పీటీకి రోజూ ఆలస్యమయ్యే కేడెట్: సైనిక్ పాఠశాల కౌన్సెలర్ రాసుకున్న ఒక కేసు

సైనిక్ పాఠశాలలో కౌన్సెలర్‌గా పనిచేసిన ఏళ్లలో నేను చూసిన కేసుల్లో ఇది పెద్దదేమీ కాదు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, ఎవరూ బడి వదిలి వెళ్లలేదు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు మొదట దీన్నే చెబుతాను. ఇందులో నేను రెండు తప్పులు చేశాను. చేస్తున్నప్పుడు రెండూ మంచి పనుల్లాగే కనిపించాయి.

అబ్బాయిని ఇక్కడ రవి అంటాను. అది అతని పేరు కాదు. అతన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

రక్షణ శాఖ కింద సైనిక్ పాఠశాలలు 1961లో మొదలయ్యాయి. పిల్లలను నేషనల్ డిఫెన్స్ అకాడమీకి తయారుచేయడం వాటి ముఖ్యోద్దేశం. 1962లో విజయనగరం దగ్గర కోరుకొండలోనూ, 2014లో కలికిరిలోనూ పాఠశాలలు రావడంతో తెలుగు ఇళ్లలో ఈ పేరు బాగా నాటుకుంది. సీట్లలో 67 శాతం సొంత రాష్ట్రానికి, 33 శాతం బయటివారికి కనుక మన పిల్లలు దూర రాష్ట్రాల్లోనూ చదువుతుంటారు. రవి అలా సీటు తెచ్చుకున్నవాడే. ఏ రాష్ట్రమో చెప్పను.

ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు 300 మార్కులు, అందులో సగం లెక్కలకే. ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. రవి తెలుగులోనే రాశాడు. అంతకుముందు ఏడాదిన్నర ఈ పరీక్ష కోసమే ఒక కోచింగ్ హాస్టల్లో ఉన్నాడు. వాళ్ల వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి తండ్రి. కొడుకును అధికారిగా చూడాలని ఆయన కోరిక. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే చేరిన రోజు నుంచి రవికి తరగతిలో ఇంగ్లీషు, డార్మిటరీలో హిందీ. తెలుగు మాట్లాడాలంటే నేనూ, పై తరగతుల్లోని మరో ఇద్దరూ మాత్రమే.

ఈ బడుల్లో రోజు ఎలా గడుస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తెల్లవారుజామున 5.20కి లేపుతారు, 5.45కి పీటీ ఫాలిన్, అంటే వ్యాయామానికి వరుసలో నిలబడటం. తర్వాత స్నానం, టిఫిను, అసెంబ్లీ, తరగతులు, మధ్యాహ్నం కాస్త విశ్రాంతి, ఆటలు, సాయంత్రం ప్రెప్ అనే చదువు వేళ, భోజనం, రాత్రి 9.45కి దీపాలు ఆర్పడం. పడక దుప్పటి అంచు నుంచి బూటు మెరుపు దాకా ప్రతిదానికీ తనిఖీ ఉంటుంది, ప్రతి తనిఖీకీ హౌస్ (కలిసి ఉండే పిల్లల జట్టు) పాయింట్లు ఉంటాయి. ఒకడు ఆలస్యమైతే పాయింట్లు పోయేది హౌస్ మొత్తానికి. కలిసి నిలబడటం నేర్పడానికి పెట్టిన పద్ధతి ఇది, చాలామందికి నేర్పుతుంది కూడా. వెనకపడినవాడి విషయంలో మాత్రం శిక్ష వేసే పని అరవై మంది తోటివాళ్ల చేతుల్లో పడుతుంది.

నా దగ్గరకు వచ్చిన సమస్య

సెప్టెంబరులో హౌస్ మాస్టరు పంపిన కాగితంలో ఇలా ఉంది: ‘పీటీకి తరచుగా ఆలస్యం. మూడు నెలల్లో పదకొండు ఎక్స్‌ట్రా డ్రిల్లులు. మార్పు లేదు. వైఖరి సమస్య.’ ఎక్స్‌ట్రా డ్రిల్లంటే శిక్షగా చేయించే అదనపు కవాతు.

మనిషి కఠినుడు కాదు. ఏప్రిల్‌లో చేరినప్పుడు రవి అందరికంటే ముందు లేచేవాడనీ, జులై నుంచే ఇలా అయిందనీ ఆయనే చెప్పాడు. ఈ మాట రాసుకున్నాను కానీ దాని అర్థం పట్టుకోలేదు. ఏప్రిల్‌కూ జులైకీ మధ్య ఏం మారింది? వానలు మొదలయ్యాయి. ఈ జవాబు నాకు తట్టడానికి ఇంకో నెల పట్టింది.

రవి వచ్చి కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు. ఏమడిగినా ‘యెస్ మేడమ్, నో మేడమ్’. తెలుగులో మాట్లాడమన్నాను.

‘ఎందుకు ఆలస్యమవుతోంది నాన్నా?’

‘నిద్ర లేవలేకపోతున్నాను మేడమ్.’

ఇది అబద్ధమని అప్పటికే తెలియాల్సింది. నిద్ర లేవలేని పిల్లవాడి కళ్లు వేరుగా ఉంటాయి. ఇతను లేచి చాలాసేపైనవాడిలా ఉన్నాడు.

మొదట ఏం చేశాను

మొదట లేదని తేల్చుకోవాల్సింది వేధింపు. పైతరగతి పిల్లలు చిన్నవాళ్ల చేత బూట్లు తుడిపించుకోవడం, మంచాలు సర్దించుకోవడం ఇలాంటిచోట్ల ఉండేదే. అంతకంటే చెడ్డదీ జరగవచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిస్తే చెప్పి తీరాలి, గోప్యత అక్కడ వర్తించదు. అందుకే ఏ విషయం నా దగ్గరే ఉంటుందో, ఏది ఉండదో రవికి ముందే చెప్పాను. మూడుసార్లు కలిశాను, వేర్వేరు దారుల్లో అడిగాను. పక్క మంచాల పిల్లలతో మామూలు కబుర్లు చెప్పాను. ఏమీ దొరకలేదు.

అది లేదనగానే నా మనసు సులువైన దారి వెతుక్కుంది: ఇంటి బెంగ. పదకొండేళ్లవాడు, దూరం, భాష రాదు. ఆ చట్రంలో అన్నీ చక్కగా ఇమిడిపోయాయి. తెలుగు పుస్తకాలు ఇచ్చాను, తెలుగు మాట్లాడే తొమ్మిదో తరగతి కేడెట్‌ను అన్నయ్యగా జోడించాను, ఆదివారం ఇంటికి చేసే ఫోను సమయం కాస్త పెంచమని అడిగాను. రవి ముఖంలో కొంచెం నవ్వు వచ్చింది. ఆలస్యం మాత్రం పోలేదు. ఆ నవ్వును చూసి మూడు వారాలు నేను సరైన దారిలోనే ఉన్నాననుకున్నాను.

దారి చూపింది మేట్రన్. జూనియర్ హౌస్‌లో మాసిన దుప్పట్లు వారానికోసారి ధోబీకి వెళతాయి, ఆమె లెక్క రాస్తుంది. ‘మేడమ్, వీడి దుప్పటి ఆరు వారాలుగా ధోబీకి రాలేదు. కానీ పడక చూస్తే ఎప్పుడూ శుభ్రంగానే ఉంటోంది’ అంది. అప్పుడు అన్నీ ఒక్కసారిగా కుదిరాయి. పిల్లవాడు పడక తడుపుతున్నాడు. ఎవరూ లేవకముందే నాలుగున్నరకు లేచి దుప్పటి ఉతుకుతున్నాడు. ఎండాకాలంలో వెనక తీగ మీద వేస్తే అసెంబ్లీ వేళకు ఆరిపోయేది. వానల్లో ఆరక, చేత్తో పిండి, విసిరి, పొడి దుప్పటి కింద దాచేసరికి ఫాలిన్ విజిల్ అయిపోయేది. ఎక్స్‌ట్రా డ్రిల్లులు తిన్న ఆ పిల్లవాడు నిజానికి హౌస్‌లో అందరికంటే ముందు లేచేవాడు.

ఎలా అడగాలి

ఇక్కడ చాలా ఆలోచించాను. మేట్రన్ చెప్పిందని చెబితే ఆమె మీద నమ్మకం పోతుంది. నేరుగా అడిగితే కాదంటాడు, ఒకసారి కాదన్నాక వెనక్కి రావడం పిల్లలకు కష్టం. అందుకని అడగడం మానేసి, చెప్పడం ఎంచుకున్నాను. అయిదేళ్లు దాటాక కూడా రాత్రిపూట పడక తడిపేవాళ్లు చాలామంది ఉంటారనీ, పదేళ్ల వయసులోనూ వందకు అయిదుగురి దాకా ఉంటారనీ, అది సోమరితనం కాదనీ, నిద్రలో మూత్రాశయం ఇచ్చే కబురు మెదడుకు అందకపోవడమనీ చెప్పాను. ‘మన హౌస్‌లో అరవై మంది. లెక్క నువ్వే వేసుకో’ అన్నాను.

కాసేపు వేళ్లు మడిచాడు. ‘ముగ్గురా మేడమ్?’

‘అంతే ఉండొచ్చు.’

‘మిగతా ఇద్దరూ ఎవరు?’

‘చెప్పను. నీ సంగతి వాళ్లకూ చెప్పను.’

అప్పుడు ఏడ్చాడు. లెక్కల్లో నూటయాభైకి మంచి మార్కులు తెచ్చుకున్నవాడి దగ్గర లెక్కతోనే తలుపు తెరుచుకుంది.

ఏవి బెడిసికొట్టాయి

నా మొదటి తప్పు నీళ్ల దగ్గర జరిగింది. సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు తగ్గించమన్నాను. అందరూ చెప్పే మాటే. పగలు ఎంత తాగుతున్నావని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే, దాదాపు ఏమీ తాగడం లేదని తెలిసేది. తరగతి మధ్యలో బయటకు వెళ్లాలంటే లేచి నిలబడి ఇంగ్లీషులో అనుమతి అడగాలి. ఒకసారి వాక్యం తప్పుగా అంటే తరగతి నవ్వింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టకపోవడం అతను కనిపెట్టిన ఉపాయం. ఆటల తర్వాత దాహమేసి ఒక్కసారే రెండు మూడు గ్లాసులు తాగేవాడు. నేను ఆ సాయంత్రపు నీళ్లూ తీసేశాను. పది రోజులకు డ్రిల్లులో కళ్లు తిరిగి కూలబడ్డాడు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుందనీ, మలం గట్టిపడుతుందనీ వైద్యాధికారి ఆ తర్వాత నాకు చెప్పాడు. అంటే నేనే సమస్యను పెంచాను.

రెండో తప్పు రాత్రి లేపించడం. హౌస్ మాస్టరుకు ‘వైద్య కారణం’ అని మాత్రమే చెప్పి, రాత్రి పదకొండున్నరకు కాపలాదారు చేత లేపించే ఏర్పాటు చేశాను. ఆయన కర్రతో మంచం కోడు మీద తట్టేవాడు. పక్కవాళ్లూ లేచేవారు. వారం తిరక్కముందే రవికి ఒక మారుపేరు వచ్చింది. ఇక్కడ రాయను. పడక పొడిగా ఉన్న రాత్రులు కొంచెం పెరిగిన మాట నిజమే. కానీ లేపి తీసుకెళ్లడం ఆ రాత్రికి దుప్పటిని కాపాడుతుందంతే. పిల్లవాడి శరీరం నేర్చుకునేది ఏమీ ఉండదు. గుట్టు దాస్తానని మాట ఇచ్చి, దాన్ని కర్రతో చాటింపు వేయించాను.

మధ్యలో ఇంటికి ఫోను చేశాను. తండ్రి అడిగిన మొదటి ప్రశ్న: ‘వాడిని వెనక్కి పంపేస్తారా మేడమ్?’ లేదన్నాను. ‘అయితే నేను మాట్లాడతాను’ అన్నాడు. ఆ ఆదివారం ఫోనులో ఏం మాట్లాడాడో తెలియదు. తర్వాత రెండు రోజులు రవి నా గది వైపు రాలేదు.

బుధవారం తల్లి చేసింది, పక్కింటివాళ్ల ఫోను నుంచి. ఇంట్లో తొమ్మిదేళ్ల దాకా అప్పుడప్పుడూ ఉండేదట. కోచింగ్ హాస్టల్లో కూడా రెండు మూడుసార్లు జరిగిందట. ప్రవేశపు కాగితాల్లో ఆ ప్రశ్నకు ‘లేదు’ అని రాశారు. ‘ఉందని రాస్తే సీటు పోతుందని భయపడ్డాం మేడమ్. వాళ్ల నాన్నకు కూడా చిన్నప్పుడు ఉండేదట, మా అత్తగారు చెప్పారు. ఆయన మాత్రం ఒప్పుకోరు.’ ఇది కుటుంబాల్లో దిగివచ్చేదే. ఈ ఫోనుతో నా ఇంటిబెంగ సిద్ధాంతం సగం కూలింది. ఇక్కడ కొత్తగా పుట్టింది కాదిది. దాదాపు తగ్గిపోతున్నదాన్ని ఏదో తిరగబెట్టింది. అదేమిటన్నదే మిగిలిన ప్రశ్న.

ఏది పనిచేసింది

కళ్లు తిరిగి పడ్డాక రవి ఎంఐ రూమ్‌కు, అంటే బడిలోని వైద్యశాలకు వెళ్లాడు. నేను మొదటి వారంలోనే పంపాల్సినచోటుకు అలా పదో వారంలో చేరాడు. వైద్యాధికారి ముందు మూత్రంలో చక్కెర, ఇన్‌ఫెక్షన్ చూశాడు. ఆగిపోయిన పక్కతడుపు తిరగబెట్టినప్పుడు మధుమేహం లేదని తేల్చుకోవడం తప్పనిసరి. రెండూ లేవు. తర్వాత ఎవరమూ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు: ‘విరేచనం రోజూ అవుతోందా?’

‘నాలుగు రోజులకోసారి అవుతుంది సార్. బాగానే అవుతుంది.’

పొట్ట నొక్కి చూస్తే ఎడమవైపు గట్టిగా తగిలింది. పేగు చివర మలం పేరుకుంటే ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. అందులో పట్టే చోటు తగ్గుతుంది, కబురు అందే తీరూ చెడుతుంది. పిల్లల్లో పక్కతడుపుకు మలబద్ధకం ఇంత దగ్గరి చుట్టమని నేను చదివి ఉన్నాను, గుర్తురాలేదు. సైకాలజీ చదివినవాళ్లకు ఉండే జబ్బు ఇది: పేగు పనిని కూడా మనసుకే అంటగడతాం.

ఎందుకు పేరుకుంది? 5.20 నుంచి 5.45 దాకా ఉన్న పాతిక నిమిషాల్లో అరవై మంది, ఎనిమిది మరుగుదొడ్లు. ఏడో తరగతివాళ్లు ముందు వెళ్లడం ఆనవాయితీ. రవి ఆ సమయంలో దుప్పటి ఉతుకుతుండేవాడు. టిఫిను తర్వాత పొట్ట సహజంగా కదిలే వేళకు అసెంబ్లీ ఫాలిన్. తర్వాత తరగతిలో ఇంగ్లీషు వాక్యం. బిగబట్టడం అలవాటైంది. బిగబట్టడం వల్ల మలబద్ధకం, దానివల్ల పడక తడవడం, దానివల్ల దుప్పటి ఉతకడం, దానివల్ల మళ్లీ మరుగుదొడ్డికి సమయం లేకపోవడం. గుండ్రంగా తిరిగే ఈ గానుగకు బయట నుంచి ఎక్స్‌ట్రా డ్రిల్లు ఒకటి.

వైద్యం మామూలుదే. పేరుకున్నది పోవడానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, తర్వాత కొన్ని నెలలు తక్కువ మోతాదు. తగ్గిందని తొందరపడి ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుందని వైద్యాధికారి నొక్కి చెప్పాడు. నీళ్లు తగ్గించకుండా, ఎక్కువ భాగాన్ని ఉదయం, మధ్యాహ్నాలకు జరిపాం. రెండు మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి. పడక తడవగానే మోగే అలారం ఇళ్లలో మంచి ఫలితం ఇస్తుంది కానీ ఇరవై మంది పడుకునే గదిలో దాన్ని ఆలోచించనైనా లేదు. కర్ర చాలదా? డెస్మోప్రెసిన్ మాట కూడా వచ్చింది. అది రాత్రిపూట మూత్రం తయారీని తగ్గిస్తుంది. వేసుకున్నాక ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది కనుక, తప్పనిసరి క్యాంపు వస్తే చూద్దామన్నాడు. ఆ అవసరం రాలేదు.

మందు సులువు. కష్టమంతా టైంటేబులుతో. టిఫిను తర్వాత పది నిమిషాలు మరుగుదొడ్డిలో కూర్చోవాలంటే ఆ పది నిమిషాలు ఎక్కడివి? హౌస్ మాస్టరు అభ్యంతరం చెప్పాడు: ‘ఒకడికి మినహాయింపు ఇస్తే అరవై మందికీ ఇవ్వాలి మేడమ్.’ మొదట కోపం వచ్చింది. రాత్రి ఆలోచిస్తే ఆయన మాట నిజమనిపించింది. రవికి ఒక్కడికే మినహాయింపు ఇస్తే అది కాపలాదారు కర్రకు ఇంకో రూపమే. ప్రత్యేకంగా కనబడటమే ఇక్కడ పిల్లవాడికి పెద్ద శిక్ష. కాబట్టి అరవై మందికీ ఇవ్వమని అడగడమే సరైన పని.

వైస్ ప్రిన్సిపాల్ సైన్యం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన అధికారి. ఆయనకు పిల్లల మనోభావాల గురించి రెండు పేజీలు రాసి, చింపేసి, ఒక లెక్క రాసి పంపాను: ఎనిమిది మరుగుదొడ్లు, పాతిక నిమిషాలు, అంటే 200 నిమిషాలు, అరవై మందికి పంచితే తలకు మూడు నిమిషాల ఇరవై సెకన్లు. పిల్లవాడి పేరు లేదు. మర్నాడు 5.15కే ఆయన చేతి గడియారంతో జూనియర్ హౌస్‌లో ఉన్నాడట. ఎనిమిదింటిలో రెండు గడియ పడక వాడకంలో లేవన్న సంగతి ఆయనే కనిపెట్టాడు. నన్ను పిలిచి, ‘నా యూనిట్‌లో జవాన్లను ఇలా ఉంచితే నన్ను ప్రశ్నించేవారు’ అన్నాడు. సైనిక క్రమశిక్షణకూ పిల్లల మంచికీ ఎప్పుడూ పడదని అనుకుంటుండేదాన్ని. ఆ ఉదయం నా వాదనను నాకంటే బాగా అర్థం చేసుకున్నది యూనిఫారంలో ఉన్న మనిషి.

గడియలు బాగుచేయించారు. లేపే సమయం పది నిమిషాలు ముందుకు జరిపి, దీపాలు ఆర్పే సమయాన్ని కూడా అంతే ముందుకు తెచ్చారు. జూనియర్ హౌస్‌కు టిఫిను తర్వాత పావుగంట కేటాయించారు. ఆరు, ఏడు తరగతులకు వంతులు పెట్టారు. తరగతిలో బయటకు వెళ్లడానికి నోటి మాట బదులు బల్ల మీద ఉన్న చెక్క బిళ్ల తీసుకుని వెళ్లే పద్ధతి నేను అడిగి పెట్టించాను. దుప్పట్ల విషయం మేట్రన్ చూసుకుంది: ప్రతివాడి ట్రంకు పెట్టెలో అదనంగా ఒక దుప్పటి, డార్మిటరీ మూలన మూత ఉన్న బుట్ట, ఎవరు ఎప్పుడు ఏది వేసినా లెక్క అడగరు. ఆ బుట్టలో పడుతున్నవి ఒక్కడివి కావని ఆమె నెల తర్వాత చెప్పింది. వివరాలు నేను అడగలేదు.

మొదటి పదిహేను రోజులు మార్పేమీ కనిపించలేదు. డిసెంబరు సెలవులకు వెళ్లేనాటికి వారానికి ఒకటి రెండు తడి రాత్రులు. సెలవుల్లో పొడి మందు ఆపేశారు, ‘ఇంట్లో బాగానే ఉన్నాడుగా’ అని. జనవరిలో మళ్లీ రోజు మార్చి రోజు. ఈసారి రవే ఎంఐ రూమ్‌కు వెళ్లి అడిగాడు. మార్చి నాటికి దాదాపు పొడి. ఏడో తరగతి సగం గడిచేసరికి మందు పూర్తిగా ఆపారు.

తర్వాత నేను మార్చుకున్నవి

ఆలస్యం, మరుపు, అలసత్వం అని కాగితం వస్తే ఇప్పుడు ముందు ఆ పిల్లవాడి ఇరవై నాలుగు గంటలు నిమిషాలతో సహా రాయించుకుంటాను. నీళ్లు, మూత్రం, విరేచనం, నిద్ర గురించి మొదటి రోజే అడుగుతాను. ఎంఐ రూమ్‌కు పంపాకే మనసు గురించి ఊహలు మొదలుపెడతాను. ఏ నెలలో మొదలైందో అడిగినప్పుడు ఆ నెలలో వాతావరణం ఎలా ఉందో కూడా రాసుకుంటాను. నవ్వొచ్చినా సరే.

ప్రవేశపు కాగితంలో ‘పక్క తడిపే అలవాటు ఉందా?’ అన్న ప్రశ్నను మార్పించాను. ఇప్పుడది ‘రాత్రిపూట చివరిసారి పడక తడిసింది ఏ వయసులో?’ అని ఉంటుంది. కింద ఒక వాక్యం కలిపాం: ఈ జవాబును ప్రవేశానికి పరిగణించరు, హౌస్ మేట్రన్‌కు, వైద్యాధికారికి మాత్రమే తెలుస్తుంది. ఆ మరుసటి ఏడాది ఆ గడిలో ‘తొమ్మిది’, ‘పది’ అన్న అంకెలు కనిపించడం మొదలైంది.

తండ్రితో మాట్లాడే తీరులోనూ జాగ్రత్తపడుతున్నాను. వెనక్కి పంపడం లేదన్న మాట మొదటి వాక్యంలోనే చెప్పి, కాసేపు ఆగి, మిగతాది చెబుతాను. మారుపేరు పోవడానికి ఏం చేయాలో మాత్రం నాకు అంతుబట్టలేదు. రవి ఎనిమిదో తరగతిలో హౌస్ క్రాస్‌కంట్రీ జట్టులోకి వచ్చాక అది దానంతట అదే మాసిపోయింది. నా పాత్ర లేదు.

ఆరో తరగతి చివర ఒకరోజు వచ్చి, ఆ పదకొండు ఎక్స్‌ట్రా డ్రిల్లులు రికార్డులోంచి తీసేస్తారా అని అడిగాడు. హౌస్ మాస్టరును అడిగాను. రిజిస్టరులో రాసింది కొట్టేయడానికి నిబంధన లేదన్నాడు. చాలాసేపు వాదించాక, ఒక్కో ఎంట్రీ పక్కన ‘వైద్య కారణం’ అని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాడు. రవికి చూపించాను. వేలు పెట్టి లెక్కపెట్టుకుని, ‘పది ఉన్నాయి మేడమ్’ అన్నాడు. నిజమే, ఒకటి వెనక పేజీలో ఉండి తప్పిపోయింది. రిజిస్టరు పట్టుకుని మళ్లీ వెళ్లాను.